పేరు మోసిన బృందములు, పెదవి విరిచిన శ్రోతలు

మా పాములపాడులో 1960ల దశకమున ఒక వేసవి రాత్రి కృష్ణరాయబారము నాటకము జరిగినది. నాకప్పుడు పదేండ్ల ప్రాయము. ఊరిపెద్దలు ఇంటింటికి తిరిగి చందాలు వసూలు చేసి, పేరు మోసిన నటులను కాంట్రాక్టు మీద పిలిపించిరి. కరపత్రములలో ఒకరు కాదు, ముగ్గురు కృష్ణుల పేర్లు పెద్ద అక్షరములతో అచ్చు వేసిరి. పద్యనాటకములతో పరిచయము లేనివారికి ఇది వింతగా తోచవచ్చును గాని, కాంట్రాక్టు నాటకములలో అది వాడుకయే. పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారమునకు వేరొక కృష్ణుడు, యుద్ధసీనుకు మరియొక కృష్ణుడు. ముగ్గురును మూడు ఊళ్ల నుండి ఆ సాయంకాలమే బస్సు దిగినవారు. ఆత్మకూరు, నందికొట్కూరు, వెలుగోడు వైపుల నుండి జనము ఎద్దుల బండ్లు కట్టుకొని వచ్చి, పెట్రోమాక్సు దీపముల ఎదుట చాపలు పరచుకొని కూర్చుండిరి.

పడకసీను మొదలగునప్పటికి అర్ధరాత్రి దాటినది. మొదటి కృష్ణుడు ఒక పద్యమెత్తుకొని, కడపటి పాదము చివర రాగము తీయుట ప్రారంభించెను. హార్మోనియము ఆయనను వెంబడించెను. ఆయన ఒక మెట్టెక్కిన అది ఒక మెట్టెక్కును. ఆయన ఊపిరి తీసికొన్న అది ఆ సందు పూడ్చును. జనము 'వన్స్‌మోర్' అని కేకలు వేసిరి. మరల అదే పద్యము, అదే రాగము, మునుపటికంటె దీర్ఘముగా. యుద్ధసహాయమర్థించి వచ్చిన అర్జునుడును దుర్యోధనుడును ఒకరి ముఖమొకరు చూచుకొనుచు నిలుచుండిరి. రెండవ కృష్ణుడు వచ్చి, మొదటి కృష్ణునికి తాను తీసిపోనని నిరూపించుటకు పూనుకొనెను. తెల్లవారునప్పటికి కథ రాయబారమువరకే నడచినది. పాపము, మూడవ కృష్ణుడు కిరీటము పెట్టుకొని తెరవెనుక కూర్చుండి, రంగస్థలమెక్కకయే ముఖము కడిగికొని మొదటి బస్సుకు వెళ్లిపోయెను.

ఇంటికి వచ్చు దారిలో పొరుగువారొకరు మా అబ్బను, అనగా మా తండ్రిగారి తండ్రిని, అడిగిరి: "ఏం చిన్నాయనా, నాటకం ఎట్లుండె?"

"పాట బాగుండె అబ్బీ. నాటకమే యాడా కనపళ్ళేదు," అని ఆయన పలికెను.

ఆ మాటకు పొరుగువారు నొచ్చుకొనిరి. అంతటి నటులను పట్టుకొని ఇట్లనవచ్చునా అని ఊరిలో రెండు దినములు చెప్పుకొనిరి కూడ. ఎంత పేరున్నవారిని గూర్చియైనను తన చెవికి తోచినది చెప్పుట ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసినది.

ఇటీవల హైదరాబాదులో చదువుకొనుచున్న నా కూతురి కొడుకు సెలవులకు వచ్చినాడు. అరుగు మీద కూర్చుండి, చెవులలో చిన్న యంత్రములు పెట్టుకొని, ఏదో పాశ్చాత్య సంగీతము వినుచు, ఒక ఘడియకు విసుగుతో వానిని తీసివేసెను. ఏమిరా అని అడిగితిని. "ఈ బ్యాండును మా స్నేహితులంతా దేవుళ్లను చూసినట్టు చూస్తారు తాతా. మూడుసార్లు విన్నాను, నాకేమీ అనిపించలేదు. ఆ మాట పైకంటే నీకు సంగీతం తెలియదంటారు," అనినాడు. నాకు వెంటనే మా అబ్బ జ్ఞాపకమునకు వచ్చెను.

వాడు విన్నది రాక్ సంగీతము. అమెరికాలోని నల్లజాతివారి బ్లూస్ పాటలును, తెల్లవారి పల్లెపాటలును కలిసి 1950ల దశకమున రూపొందిన బాణీ యిది. దీనిని పాడు బృందములో సాధారణముగా నలుగురైదుగురుందురు. విద్యుచ్ఛక్తితో పలుకు గిటారులు, మంద్రస్వరములు పలుకు బేస్ గిటారు, కాళ్లతోను చేతులతోను వాయించు డ్రమ్ములు, ఒక గాయకుడు. పెక్కు బృందములలో పాటలు కట్టువారును వారే. ప్రపంచమంతటను కోట్లకొలది అభిమానులున్న ఈ బృందములను గూర్చి, సంగీతమునందు అభిరుచి గల శ్రోతలలోనే కొందరు ఎప్పుడును ఒక మాట అనుచుందురు: వచ్చిన కీర్తికి తగిన సరుకు లేదని, లేదా చూడబోయి నిరాశ చెందితిమని. అభిమానులు దీనిని అసూయ యందురు. ఫిర్యాదు చేయువారు లోకమంతయు వెర్రిదందురు. ఈ రెండు మాటలలోను నాకు నమ్మకము లేదు. ఆ ఫిర్యాదు పుట్టుటకు కారణములు వేరుగా నున్నవి. అవి మన పద్యనాటకమునందు ఎంత స్పష్టముగా కనిపించునో, పాశ్చాత్య బృందములయందును అంత స్పష్టముగా కనిపించును.

మొదట మన సంగతి చూతము. 1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజమువారు తెలుగు పట్టణములలో నాటకములాడిరి. వారి పాటలు, తెరలు, దుస్తులు చూచి మనవారు మోహపడిరి. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు సరసవినోదినీ సభ నెలకొల్పి, చిత్రనళీయము, విషాద సారంగధర మున్నగు నాటకములు రచించి ఆడించిరి. పద్యములును పాటలును రాగతాళములతో రంగస్థలము మీద పాడు సంప్రదాయము వారి వలన బలపడినది. అదే పట్టణములో కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభయు వెలసినది. బళ్లారి 1953లో మైసూరు రాష్ట్రమునకు చేరి నేడు కర్ణాటకలోనున్నది గాని, రాయలసీమ నాటకమునకు ఆ ఊరే పుట్టినిల్లు.

ఆ ఇంటిలోనే తిరుగుబాటును పుట్టినది. ధర్మవరమువారి మేనల్లుడు బళ్లారి రాఘవ. 1880లో తాడిపత్రిలో జన్మించి, న్యాయవాదిగా పేరు గడించి, కోలాచలమువారి రామరాజు చరిత్రలో పఠాను పాత్రతో ప్రేక్షకులను గడగడలాడించిన నటుడు. మేనమామ రంగస్థలము మీదికి తెచ్చిన పాటను మేనల్లుడు అక్కడినుండి దింపవలెనని పోరాడెను! పద్యమును రాగములు తీసి సాగదీయుట అభినయమునకు చేటని ఆయన వాదము. పుత్రశోకములో నున్న హరిశ్చంద్రుడు గమకముల మీద దృష్టి నిలిపినయెడల శోకమెక్కడ నిలుచును? ఆయన 1946లో మరణించువరకు ఈ పట్టు విడువలేదు. అయినను ఆయన మాటను విద్వాంసులు మెచ్చుకొన్నంతగా ప్రేక్షకులు మెచ్చుకొనలేదనుట సత్యము. నాటక కళాపరిషత్తు 1929లో ఏర్పడిన పిమ్మట వచన నాటకములకు గౌరవము హెచ్చినది. పల్లెలలో మాత్రము రాగమే గెలిచినది.

రాగము గెలుచుటకు బలమైన కారణమొకటి కలదు. మైకులు లేని దినములలో వేయిమంది ఎదుట, ఆరుబయట, మాటగా పలికిన పద్యము పదవ వరుస దాటదు. తారస్థాయిలో నిలిపి సాగదీసిన స్వరము కడపటి వరుసవరకు పోవును. కావున రాగము మొదట ఆడంబరము కాదు; అది ఆనాటి లౌడుస్పీకరు. పిమ్మట నిజమైన లౌడుస్పీకరు వచ్చినది. అవసరము తీరినది, అలవాటు తీరలేదు. తీరకపోగా పెరిగినది. ఉత్పలమాల పద్యములో పాదమునకు 20 అక్షరముల చొప్పున నాలుగు పాదములకు 80 అక్షరములు. తీరికగా చదివినను అర నిమిషము పట్టదు. ఆ అర నిమిషమునకు వెనుక పది నిమిషముల రాగము వచ్చి చేరినది. తిరుపతి వేంకటకవులు పాండవోద్యోగ విజయములలో కూర్చిన పద్యములు నిరక్షరాస్యులకు సైతము కంఠస్థమగునంత తేటగా నుండును. ఆ తేటదనమే కదా వారి గొప్ప! తేటగా నున్న మాట రాగముక్రింద పడి వినబడకపోయిన ఎవరికి లాభము?

దీనికి గ్రామఫోను మరియొక మెలిక పెట్టినది. మన దేశములో 1902 నుండి రికార్డులు తీయుట మొదలైనది. పదంగుళముల రికార్డులో ఒక ప్రక్క మూడు నిమిషములకు కొంచెమెక్కువ మాత్రమే పట్టును. కావున నాటకము నుండి ప్రసిద్ధమైన పద్యములను ఏరి, మూడు నిమిషములకు కుదించి రికార్డులు చేసిరి. పెండ్లిండ్లలో, తిరునాళ్లలో ఆ రికార్డులు మ్రోగినవి. ఫలితమేమనగా, నాటకమునకు వచ్చువాడు కథ చూచుటకు గాక తనకు తెలిసిన పద్యము తనకు తెలిసినట్లు వచ్చినదా లేదా అని పరీక్షించుటకు వచ్చినాడు. రికార్డులో విన్నట్లే పాడిన, ఇంటిలో వినలేదా అని ఒకడు గొణుగును. మార్చి పాడిన, చెడగొట్టినాడని వేరొకడు గొణుగును. ప్రసిద్ధి గల ఏ బృందమును ఈ చిక్కు నుండి తప్పించుకొనలేదు. అమెరికాలోని ఈగిల్స్ అను బృందము రంగస్థలము మీద తమ రికార్డులను అచ్చుగ్రుద్దినట్లు పలికింతురని పేరు. మెచ్చువారు దానినే మెచ్చుకొందురు, విసుగుకొనువారు దానికే విసుగుకొందురు.

కాంట్రాక్టు పద్ధతి మూడవ మెలిక. ఒక సమాజముగా కలిసి జీవించి, కలిసి సాధన చేయువారి నాటకము వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధతో ప్రారంభమైన సురభివారి నాటకములు కుటుంబములే బృందములై నడిచినవి. అందులో ఎవరి పాత్ర ఎంతవరకో, ఎవరెప్పుడు తగ్గవలెనో చిన్నపిల్లలకు గూడ తెలియును. కాంట్రాక్టు నాటకములో అట్లు కాదు. గొప్ప నటులను వేర్వేరు తావుల నుండి ఏరి తెచ్చి, ఒక్కరాత్రికి కూర్చుదురు. ప్రతివాడును గొప్పవాడే. ఒకని ఎదుట ఒకడు తగ్గుట మాత్రము ఎవరికిని ఇష్టముండదు. మా ఊరి నాటకములో జరిగినదిదియే. ముగ్గురు కృష్ణులును నిజముగా గొప్ప గాయకులే. ముగ్గురు కలిసిన నాటకము గొప్పది కాలేదు.

ఇక పాశ్చాత్యుల సంగతికి వత్తము. జనము పూనకము పట్టినట్లగుట అక్కడ రాక్ సంగీతముతో మొదలు కాలేదు. 1840ల దశకమున ఫ్రాంజ్ లిస్ట్ అను పియానో విద్వాంసుని వెంట ఐరోపా జనము ఎట్లు వెర్రియెత్తి తిరిగినదో చూచి, జర్మన్ కవి హైనే దానికి ఒక రోగము పేరువలె పేరు పెట్టెను. అయితే యంత్రముల సహాయముతో ఆ వెర్రి ఎంతవరకు పోగలదో చూపినవారు లివర్‌పూల్ నగరపు నలుగురు యువకులు, బీటిల్స్. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టెలివిజనులో వారి పాటను 7 కోట్ల 30 లక్షల మంది చూచిరని లెక్క. 1965 ఆగస్టు 15న న్యూయార్కులోని షే స్టేడియములో 55 వేలకు మించిన జనము ఎదుట పాడిరి. అంత జనమునకు చాలిన ధ్వనివర్ధకములు ఆనాడు లేవు. స్టేడియములో ప్రకటనలు చదువుటకు పెట్టిన లౌడుస్పీకర్ల ద్వారా వారి పాట వెలువడినది. అభిమానుల అరుపులలో ఆ పాట మునిగిపోయినది. డ్రమ్ములు వాయించు రింగో స్టార్ తోటివారి భుజములును తలలును ఊగుట చూచి, పాట ఎక్కడనున్నదో ఊహించుకొని తాళము వేసెడివాడు. శ్రోతలకు వినబడలేదు సరే, పాడువారికే వినబడలేదు!

ఇచ్చట మన వన్స్‌మోర్ గుర్తునకు రావలెను. సంగీతము కొరకు వచ్చినవాడు నిరాశతో తిరిగి వెళ్లినాడు. అరచుటకు వచ్చినవాడు తృప్తితో వెళ్లినాడు. ఇద్దరును ఒకే కచ్చేరి నుండి వచ్చి, ఒకరితో ఒకరు వాదించుకొనిరి. అందరికంటె ముందుగా విసుగు చెందినవారు ఆ నలుగురే. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో సుమారు అరగంట పాడి, ఇకమీద ఊరూర తిరిగి పాడుట మానివేసిరి. తరువాత స్టూడియోలో తలుపులు మూసికొని కూర్చుండి, 1967లో సార్జెంట్ పెప్పర్ అను రికార్డును వెలువరించిరి. జనము కేకలు లేనిచోట వారి పని ఎంత మెరుగుపడినదో విన్నవారికి తెలియును. నా మట్టుకు, వారు చేసిన పనులలో కచ్చేరీలు మానుట గొప్ప పనులలో నొకటి.

ఆ నలుగురిలో జార్జి హారిసన్ పండిత రవిశంకరుని వద్ద సితారు నేర్చెను. ఇరువురును కలిసి 1971 ఆగస్టు 1న న్యూయార్కులో బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థము కచ్చేరి చేసిరి. మొదట రవిశంకరును, సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖానును తమ వాద్యములను శ్రుతి చేసికొనుచుండిరి. అది ముగియగానే జనము చప్పట్లు మారుమ్రోగించిరి. శ్రుతి చేయుటయే ఇంత నచ్చిన, వాయించుట ఇంకను నచ్చునని ఆశించుచున్నానని రవిశంకరు మృదువుగా అనెను. నేను మా ఊరిలో ఈ కథ చెప్పినప్పుడు నవ్వనివారు లేరు. కాని మనమును ఎన్నిసార్లు శ్రుతికి చప్పట్లు కొట్టలేదు!

రాగము సాగదీయుట కూడ మన సొమ్మే కాదు. 1968లో లండనులో ఏర్పడిన లెడ్ జెప్లిన్ బృందములో డ్రమ్ములు వాయించు జాన్ బోనమ్ అసాధారణ ప్రజ్ఞావంతుడు. ఒక పాట నడుమ మిగిలినవారు పక్కకు తప్పుకొనగా, ఆయన ఒక్కడే డ్రమ్ములు వాయించెడివాడు. రికార్డులో కొన్ని నిమిషములలో ముగియు ఆ ఘట్టము కచ్చేరీలలో ఇరువది నిమిషములు దాటిన రాత్రులు కలవు. గిటారు వాయించు జిమ్మీ పేజ్ వయొలిన్ కమానుతో గిటారు తీగలు మీటుచు మరియొక పాటను అరగంట సాగదీసెడివాడు. మెచ్చినవారు దానిని తపస్సనిరి. మెచ్చనివారు విసుగుతో బయటికి పోయి టీ త్రాగి వచ్చిరని చెప్పిన అతిశయోక్తి కాదనుకొందును. ఈ సాగదీతకు విసిగిన యువకులు 1970ల నడుమ పంక్ అను పొట్టి పాటల బాణీని లేవదీసిరి. న్యూయార్కు నగరపు రామోన్స్ బృందము 1976లో తెచ్చిన మొదటి రికార్డులో 14 పాటలు. మొత్తము అరగంట కూడ పట్టదు. బళ్లారి రాఘవ ఆ పాటలు వినియుండిన చెవులు మూసికొనియుండును గాని, వారి కోపమును మాత్రము అర్థము చేసికొనియుండును.

కూర్పు లోపించిన గొప్పవారి సంగతియు అక్కడ కలదు. ఇథియోపియా కరవు బాధితుల సహాయార్థము 1985 జూలై 13న లండనులోను అమెరికాలోని ఫిలడెల్ఫియాలోను ఒకేదినమున మహాసభలు జరిగినవి. బోనమ్ 1980లో మరణించినందున విడిపోయిన లెడ్ జెప్లిన్‌లోని మిగిలిన ముగ్గురును ఆ దినమున ఫిలడెల్ఫియాలో మరల కలిసి వాయించిరి. చాలినంత సాధన లేదు. బోనమ్ స్థానములో ఇద్దరు డ్రమ్ము వాద్యకారులను తెచ్చి కూర్చుండబెట్టిరి. గాయకుని గొంతు బొంగురుపోయినది, గిటారు శ్రుతి తప్పినది. ఆ సభను 2004లో డిస్కులుగా విడుదల చేసినప్పుడు, తమ భాగమును చేర్చుటకు వారే అంగీకరించలేదు. అభిమానులు క్షమించినను వారు తమ్ము తాము క్షమించుకొనలేదు!

అదే దినమున లండనులో క్వీన్ అను బృందము సుమారు ఇరువది నిమిషములు మాత్రమే పాడినది. వారు ముందుగా ఒక నాటకశాలను తీసికొని, గడియారము ముందుంచుకొని సాధన చేసిరి. ప్రసిద్ధమైన పాటలను సాగదీయుటకు మారుగా కత్తిరించి, ఒకదానికొకటి అతికి పాడిరి. నాడు అచ్చట పాడినవారిలో వారినే ఉత్తములుగా నేటికిని చెప్పుకొందురు. లెడ్ జెప్లిన్‌వారు గూడ 2007 డిసెంబరు 10న లండనులో ఒక్కరాత్రి మరల పాడిరి. ఈసారి బోనమ్ కుమారుడు జేసన్ డ్రమ్ములు వాయించెను. ముందుగా పలు దినములు సాధన చేసిరి. విమర్శకులు ముక్తకంఠముతో మెచ్చుకొనిరి. మనుష్యులు వారే, వయస్సు మాత్రము ఇరువదిరెండేండ్లు పెరిగినది. 1985 నాటి నిరాశకు వారి ప్రజ్ఞ కారణము కాదనుటకు ఇంతకు మించిన నిదర్శనమేమి కావలెను?

పిలువని పేరంటమునకు వచ్చిన బృందముమీద కోపము మరియొక విధమైనది. 2014 సెప్టెంబరులో ఐర్లండు దేశపు యూటూ బృందము తమ క్రొత్త పాటల సంపుటిని ఆపిల్ కంపెనీవారి ద్వారా కోట్లాదిమంది ఖాతాలలో ఉచితముగా చేర్చివైచినది. ఉచితమే గదా, సంతోషింతురని తలచిరి. జనము మండిపడిరి. తీసివేయుటకు ఆ కంపెనీవారు ప్రత్యేకముగా ఒక ఉపాయము కల్పింపవలసివచ్చినది. గాయకుడు బోనో తరువాత క్షమాపణ చెప్పుకొనెను. పాటలు మంచివో చెడ్డవో ఆలోచించువారే లేకపోయిరి. తిరునాళ్లలో తెల్లవారుజామున మన కిటికీ ఎదుట కట్టిన లౌడుస్పీకరులో త్యాగరాజ కీర్తన వచ్చినను మనకు కలుగు భావము అట్టిదే కదా.

ఇంతవరకు ఫిర్యాదు చేయువారి పక్షము వహించితిని. వారి ఫిర్యాదు అన్ని వేళల న్యాయమైనది కాదు. ఒక్కొక్కప్పుడు తప్పు చెవిది, ఒక్కొక్కప్పుడు కాలముది. ఒక బృందము క్రొత్తగా కనిపెట్టిన పోకడను తరువాత నూరుమంది అనుకరింతురు. ఆ నూరుమందిని ముందుగా విని, పిమ్మట మూలమును విన్నవానికి అది పాతచింతకాయ పచ్చడివలె తోచును. మా మనుమని సంగతి కొంతవరకిదే. వాడు మూడుసార్లు విని విసిగిన బృందముయొక్క పోకడలను వాడు చిన్ననాటినుండి మెచ్చిన పాటలలో నేనే కొన్ని గుర్తుపట్టగలిగితిని. తాతనైన నాకు ఇదేమి పిచ్చియని వాడు నవ్వినాడు. అట్లే, తొలినాటి తీర్పులు తారుమారగుటయు కలదు. 1969లో లెడ్ జెప్లిన్ మొదటి రికార్డును అమెరికాలోని రోలింగ్ స్టోన్ పత్రిక విమర్శకుడు తీసిపారవైచెను. తరువాతి దశకములలో అదే పత్రిక ఉత్తమ రికార్డుల పట్టికలో దానికి చోటిచ్చినది.

పద్యనాటకము విషయములో విద్యావంతులు చేసిన అన్యాయము ఇంతకంటె పెద్దది. రాగాల నాటకములని, వన్స్‌మోర్ నాటకములని పట్టణములలో ఎగతాళి చేసిరి. ఆ ఎగతాళిలో నిజమున్నది. కాని బడి మెట్టెక్కని మా ఊరి గొర్రెలకాపరి ఒకడు, గొర్రెలను తోలుకొని పోవుచు ఉద్యోగపర్వపు సంధి మాటలన్నిటిని వరుస తప్పకుండ పాడెడివాడు. గుర్రము జాషువ శ్మశానవాటిక పద్యములను బలిజేపల్లివారి హరిశ్చంద్ర నాటకములోని కాటిసీనులో నటులు చేర్చి పాడినందుననే, పుస్తకము ముట్టనివారికి గూడ ఆ కవి తెలిసినాడు. రాగము లేనియెడల ఆ పద్యములు వారివరకు పోయియుండునా? పోయియుండవనియే నా నమ్మకము. రాఘవగారి యందు నాకెంత గౌరవమున్నను, ఆయన ఆశించినట్లు నాటకము కేవల వచనమై యుండిన, పాములపాడు వంటి ఊళ్లకు భారతము ఆ రూపమున చేరియుండెడిది కాదు.

మనుమనికి ఇదంతయు చెప్పితిని. నీకు నచ్చలేదని పైకి చెప్పుట తప్పు కాదంటిని. ఏది నచ్చలేదో చెప్పగలవా అని అడిగితిని. వాడు కొంతసేపు ఆలోచించి, "గిటారు వాయిస్తున్నంతసేపూ పాట ఆగిపోయి నిలబడినట్టుంటుంది తాతా," అనినాడు. మా అబ్బకును వానికిని అరువదేండ్ల దూరము. ఇద్దరు చెప్పిన మాట ఒక్కటే.

ఆ అబ్బను గూర్చిన మరియొక సంగతి మిగిలియున్నది. నాటకము జరిగిన యేటనే అనుకొందును, మా ఊరి పంచాయతీ కచ్చేరిలో రేడియో పెట్టియుండిరి. కడప కేంద్రము 1963లో ప్రారంభమైన తరువాత మావారికి రేడియో మీద మక్కువ హెచ్చినది. రాత్రులందు విజయవాడ కేంద్రమును వినబడుచుండెడిది. ఒకనాటి రాత్రి రాయబారము పద్యములు వచ్చినవి. 1940 నుండి 1971 వరకు ఆకాశవాణిలో హార్మోనియము నిషిద్ధము. కావున గాయకుని వెంబడించుటకు ఆ పెట్టె లేదు. కేకలు వేయుటకు జనము లేదు. గడియారము చూచుకొని పాడవలసిన చోటు. పద్యము మొదలైనది, ప్రతి అక్షరము విడివిడిగా వినబడినది, కడపటి పాదము చివర రాగము కొంచెము లేచి, అంతలో దిగినది. తరువాతి అంశము పేరు చెప్పిరి.

మా అబ్బ కొంతసేపు రేడియో పెట్టెవైపే చూచుచు కూర్చుండెను. పిమ్మట తువ్వాలు దులిపి భుజమున వేసికొని, నావైపు తిరిగి మెల్లగా అనెను:

"ఇంగొక్కసారి పాడుంటే బాగుండు గదరా."